ముప్ఫై రూపాయల మేష్టారు

ఏటా ఆగస్టు 29 వచ్చేసరికి మన గోడపత్రిక మీద గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి బొమ్మ పడుతుంది. కింద వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని ఒక లైను, పక్కన రంగుకాగితం పువ్వులు. వారం తిరిగేసరికి సెప్టెంబరు 5. ఆ బొమ్మ పక్కనే గురుపూజోత్సవం వ్యాసాలు అంటిస్తాం. కిందటేడు ఈ రెంటికీ కలిపి ఒకే ఉపన్యాసం ఇచ్చిన అమ్మాయిని నేనే, మీకు గుర్తుండే ఉంటుంది. గురువు కొవ్వొత్తి లాంటివాడని, తను కరిగిపోతూ లోకానికి వెలుగిస్తాడని, గిడుగువారు అలాంటి త్యాగమూర్తి అని చెప్పాను. బాగానే చప్పట్లు కొట్టారు.

ఇంటికెళ్ళి అదే ఉపన్యాసం అమ్మకి వినిపించాను. అమ్మ బెండకాయలు తరుగుతోంది. అంతా విని, కొవ్వొత్తికి ఇంటద్దె కట్టే పని లేదు కదే అని మళ్ళీ తరుక్కుంటూ కూర్చుంది.

మా అమ్మ పదకొండేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఏ బడో ఇక్కడ రాయను. వేసవి సెలవులు రెండు నెలలూ అక్కడ జీతం ఉండదు. కిందటేడు అది కాక మరో మూడు నెలల జీతం ఆగిపోయింది. టీచర్లు ఏడుగురు కలిసి అర్జీ రాసి పట్టుకెళితే, బోధన ఉద్యోగం కాదు, సేవ అని చెప్పి పంపేశారట. పూర్వం మహానుభావులు జీతాలు చూసుకుని చెప్పారా అని కూడా అడిగారట. నా ఉపన్యాసంలో ఉన్న మాటలే అవి. కొంచెం మార్పు కూడా లేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అందుకే ఈసారి గిడుగువారి గురించి రాయమని మేడమ్ అంటే, ఆయన కథని వేరే ప్రశ్నతో మొదలుపెట్టాలనుకున్నాను. ఆయన జీతం ఎంత?

దానికి జవాబు ఉంది. నెలకి ముప్ఫై రూపాయలు.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న ఆయన పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయ్యాక విషజ్వరం వచ్చి అక్కడే పోయారు. కొడుకు ఇంకా బడి చదువులో ఉన్నాడు. విశాఖపట్నంలో మేనమామగారింట్లో ఉండి చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. పెళ్ళీ ఆ ఏడే అయింది. తండ్రి లేడు, ఇల్లు నడవాలి. కాలేజీకి వెళ్ళే దారి లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టు ఫారానికి చరిత్ర చెప్పే మేష్టారుగా చేరాడు. అప్పటికి ఆయన వయసెంతో లెక్కేస్తే నాకన్నా రెండేళ్ళు చిన్న. మనం రెండో సంవత్సరం పరీక్షలకి భయపడే వయసు రాకముందే ఆయన ఒక ఇంటికి యజమాని, ఒక తరగతికి మేష్టారు.

త్యాగం చేద్దామని ఆయన పర్లాకిమిడి రాలేదు. ఉద్యోగం కోసం వచ్చారు, జీతం కోసం వచ్చారు. ఈ మాట రాయడానికి కొంచెం జంకాను కానీ, ఇది రాయకపోతే తరవాతిదంతా అబద్ధం అవుతుంది.

ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పాసయ్యారు. మెట్రిక్యులేషన్‌కీ బి.ఏ.కీ మధ్య పదిహేడేళ్ళు. పగలు పాఠం చెప్పి రాత్రి పాఠం చదువుకోవడం అంటే ఏమిటో మా ఇంట్లో చూశాను. అమ్మ బి.ఎడ్. అలాగే కట్టింది, నేను ఐదో తరగతిలో ఉండగా. ఈ మధ్యలోనే ఆయన ముఖలింగం గుళ్ళలోని శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకుని వాటి గురించి ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. బి.ఏ. అయ్యాక కాలేజీ తరగతులకి చెప్పే అర్హత వచ్చింది. ఇక్కడితో ఆగినా ఒక మేష్టారి జీవితంగా ఇది గొప్పదే. ఆయన ఆగలేదు.

మా ఊరు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పర్లాకిమిడి మహేంద్రతనయ ఒడ్డున ఉంది. ఒక పక్క కొండలు, ఆ కొండల్లో సవరలు. ఇప్పుడు సొర అంటున్నాం. వాళ్ళ భాష తెలుగుకీ ఒడియాకీ చుట్టం కాదు, అది ముండా భాషల కుటుంబం. ఆ రోజుల్లో సంతకి దిగివచ్చిన సవర తన సరుకు ధర చెప్పాలన్నా, కచేరీలో తన గోడు చెప్పుకోవాలన్నా ఎదుటివాడి భాషలోనే చెప్పాలి. బడి అసలే లేదు. ఉన్నా అందులో పాఠం వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండదు.

రామమూర్తి పంతులుగారు తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకతన్ని తన ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఒకటి రెండు నెలల సరదా కాదది, ఏళ్ళ తరబడి సాగింది. కొండల్లోకి వెళ్ళి వాళ్ళ మధ్య తిరిగారు. మాటలు, పాటలు, కథలు రాసుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు. ఆ తరవాత సవర పిల్లలకి బళ్ళు పెట్టి, వాటిలో పాఠం సవరలోనే చెప్పించారు. ఆ బళ్ళలో చెప్పే మేష్టర్లకి జీతాలు తన డబ్బులోంచి ఇచ్చారు.

ఈ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఎన్నో చోట్ల చదివిన వాక్యమే, నా కిందటేటి ఉపన్యాసంలో కూడా ఉంది. అప్పుడు ఆయన త్యాగమే కనబడింది. ఇప్పుడు ఇంకొకటి కనబడింది. ఆయన తను ఊరికే చేశారు కానీ, ఆ బళ్ళలోని మేష్టర్లని ఊరికే చెప్పమనలేదు. ఇది సేవ కదా, మీరూ సేవ చెయ్యండి అని వాళ్ళతో అనడానికి ఆయనకన్నా హక్కు ఉన్నవాళ్ళెవరు? కానీ ఆయన తనే ఒక జీతగాడు. నెల చివర ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాడు. మేష్టారి కడుపు నిండకపోతే బడి నిలవదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సవర భాషలో ఆయన చేసిన పనికి మద్రాసు ప్రభుత్వం డబ్బు బహుమానం ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. ఇది కూడా త్యాగం కిందే చెబుతారు. నాకు మాత్రం లెక్క తెలిసిన మనిషి మాటలా వినిపిస్తుంది. ఒక మేష్టారి జేబు మీద ఎన్ని బళ్ళు నడుస్తాయి? ఎన్నాళ్ళు నడుస్తాయి? బడి నడపడం సర్కారు పని. అది తన సంచిలోంచి చెయ్యవలసిన ఖర్చు అని సర్కారుకే గుర్తుచేశారన్నమాట. 1913లో ప్రభుత్వం ఆయనకి బిరుదు ఇచ్చింది. బిరుదుకి ఖజానాలోంచి ఏమీ పోదు.

కొండల్లో తిరగడానికి ఆయన ఇంకో ధర కట్టారు. అక్కడి మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. తరవాతి జీవితమంతా చెవుడుతోనే గడిచింది. ఒక్క నిమిషం ఆలోచించండి. సవర భాషలో గొంతులోనే తెగిపోయే చిన్న శబ్దాలున్నాయి, అక్కడ ఊపిరి ఆగడాన్నిబట్టి మాట అర్థం మారిపోతుంది. అలాంటి శబ్దాల్ని పట్టుకోవడానికి కొండెక్కిన మనిషి చెవులే పోయాయి. ఈ రోజుల్లో పనిలో వచ్చిన జబ్బు అంటే పరిహారం అడుగుతాం. ఆయన అడిగినట్టు లేదు, ఇచ్చినట్టూ లేదు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వచ్చాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకి డెబ్బయి అయిదేళ్ళు.

మన హాస్టల్లో సొర అమ్మాయి ఒకామె ఉంది. ఈ వ్యాసం కోసం ఆమె దగ్గర కూర్చుని వాళ్ళ లెక్క నేర్చుకున్నాను. మనం పది దాకా లెక్కపెట్టి పదకొండుకి కొత్త మెట్టు ఎక్కుతాం. వాళ్ళు పన్నెండు దాకా వెళ్ళి, పన్నెండు-ఒకటి, పన్నెండు-రెండు అని సాగుతారు. పెద్ద లెక్కలకి ఇరవైలు కడతారు. అలా లెక్కపెట్టే ఇంట్లోంచి వచ్చిన ఆరేళ్ళ పిల్లకి బళ్ళో మొదటి రోజే పదుల స్థానం, ఒకట్ల స్థానం అంటే ఏం తెలుస్తుంది? ఆ పిల్ల మొద్దు అని మేష్టారు అనుకుంటాడు. మేష్టారికి సొర రాదు, అంతే. గిడుగువారు నూరేళ్ళ కిందటే చూసింది ఇది. ఒడిశాలో గిరిజన పిల్లలకి చిన్న తరగతుల్లో వాళ్ళ భాషలోనే చెప్పే పథకం 2006-07లో మొదలైంది. అందులో సొర కూడా ఉంది. మంచిదే. అయితే ఆ హాస్టలు అమ్మాయికి గిడుగువారి పేరు తెలీదు. సొరకి సొంత లిపి చేసిన మంగెయి గొమాంగో పేరు మాత్రం వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసట. నేను కాస్త చిన్నబోయాను. తరవాత అదే సరైందనిపించింది. ఎవరి భాషకి వాళ్ళే మేష్టర్లు కావాలన్నదే కదా పంతులుగారి కోరిక.

ఇక తెలుగు సంగతి. మనకి ఎక్కువ తెలిసిన భాగం ఇదే కాబట్టి త్వరగా చెబుతాను. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకి యేట్స్ అనే దొర బళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకీ బళ్ళో పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకుందని అతని సందేహం. విశాఖలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు, ఆ సంగతి గురజాడ అప్పారావుగారినీ గిడుగువారినీ అడగమన్నారు. సవర పిల్లలకి వాళ్ళ నోటి భాషలో చదువు చెప్పించిన మనిషికి, తెలుగు పిల్లలకి మాత్రం నోటి భాష బళ్ళో నిషేధమన్న సంగతి అప్పుడు కొట్టొచ్చినట్టు కనబడి ఉంటుంది. నలుగురూ కలిసి పని మొదలుపెట్టారు. స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుక భాషలో రాయవచ్చని ప్రభుత్వం కొన్నాళ్ళు ఒప్పుకుంది. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది, జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గట్టిగా ఎదురు నిలబడ్డారు. 1914కల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1915లో గురజాడ పోయారు. గిడుగువారు దాదాపు ఒంటరివారయ్యారు.

మన పాఠాల్లో ఆ పండితుల్ని ఛాందసులని ఒక మాటలో తేల్చేస్తాం. ఈసారి వాళ్ళ వైపునుంచి కూడా ఆలోచించాను. అప్పటి బళ్ళలో ఇంగ్లీషు చెప్పే మేష్టారి జీతం వేరు, తెలుగు పండితుడి జీతం వేరు, గౌరవమూ వేరు. పండితుడిదే తక్కువ. పైగా ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షించి, పాసైనవాళ్ళ లెక్కన బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి మద్రాసు రాజధానిలో చాలాకాలం నడిచింది. అంటే పిల్ల ఒక ఛందస్సు ప్రశ్న తప్పితే ఆ దెబ్బ మేష్టారి ఇంటి దాకా వచ్చేది. అలాంటి పండితుడి చేతిలో ఉన్న ఆస్తల్లా ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చుకున్న వ్యాకరణం ఒక్కటే. హఠాత్తుగా ఎవరో వచ్చి ఆ వ్యాకరణం అక్కర్లేదంటే అతను దాన్ని సంస్కరణ అనుకుంటాడా? నోటి దగ్గర కూడు లాగేశారనుకుంటాడు. పెద్దలు పదవుల కోసం వాదించారేమో కానీ, చిన్న బళ్ళ పండితుల భయం నాకు అర్థమయింది. మా అమ్మ బళ్ళో ఇప్పుడు పాఠాలన్నీ స్మార్ట్‌బోర్డు మీద చెప్పాలంటున్నారు. శిక్షణ ఆదివారాలు, జీతం లేకుండా. ఆ బోర్డంటే అమ్మకి ఇష్టమే కానీ, ఆ ఆదివారాలంటే కోపం.

గిడుగువారు గెలిచింది కేకలు వేసి కాదు, సాక్ష్యాలతో. పాత కావ్యాల్లోంచి, శాసనాల్లోంచి, పండితులు తప్పులని కొట్టేసే ప్రయోగాలన్నీ మహాకవులే వాడారని ఏరి ఏరి చూపించారు. వ్యాకరణం చదువుకున్నవాడికి వ్యాకరణంతోనే జవాబు చెప్పారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం చాలించాక పూర్తిగా ఈ పనిలోనే పడ్డారు. 1919లో కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షులుగా, తను కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. అదే ఏడు తెలుగు అనే పత్రిక సొంతంగా నడిపారు, అది ఏడాదికి మించి సాగలేదు. 1925లో తణుకులో సభ జరిగితే, ఎదురు పక్షం వాళ్ళున్న చోటికే వెళ్ళి గంటల తరబడి మాట్లాడి వాళ్ళని ఒప్పించారు. అప్పటికి చెవులు సరిగ్గా వినపడవు. ఎదుటివాళ్ళ కేకలు వినబడకపోవడం ఆ రోజు కొంత మేలే చేసి ఉంటుందని మా అమ్మమ్మ నవ్వింది.

ఇప్పుడు రాయబోయేది మా ఇంటికి సంబంధించిన సంగతి. మా నాన్న ఒడియా, అమ్మ తెలుగు. ఏప్రిల్ 1 ఉత్కళ దివస్. నాన్న వైపు వాళ్ళకి అది పండగ. 1936లో ఆ రోజునే ఒరిస్సా రాష్ట్రం పుట్టింది, పర్లాకిమిడి అందులో కలిసింది. దానికోసం పట్టుబట్టినవారు మా రాజావారు, కృష్ణచంద్ర గజపతి. మరుసటి ఏడు ఆ రాష్ట్రానికి ఆయనే తొలి ప్రధానమంత్రి అయ్యారు. తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్న ఊరిని అలా కలపకూడదని గిడుగువారు వాదించారు, ఓడిపోయారు. యాభై ఆరేళ్ళు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి డెబ్బయి రెండేళ్ళు.

చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు ఎవరి పక్షం ఉండాలో తెలిసేది కాదు. ఇప్పటికీ పూర్తిగా తెలీదు. ఒడియా మాట్లాడేవాళ్ళు తమ పిల్లల చదువు తమ భాషలో ఉండాలనే ఆ రాష్ట్రం కోరుకున్నారు. అది గిడుగువారు సవరల కోసం కోరినదే, తెలుగు పిల్లల కోసం కోరినదే. మూడు కోరికలూ ఒకటే. అయినా ఒకళ్ళ కోరిక తీరిన రోజున ఇంకొకళ్ళు ఊరు వదిలారు. నాన్నకి ఈ సంగతి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత ఒడియాలోనే, ఆ పెద్దాయన ఉండిపోయి ఉంటే బాగుండేది అన్నారు. అమ్మ తెలుగులో అదే అంది. మా ఇంట్లో రెండు భాషల్లోనూ ఒకే మాట వినడం నాకు బాగా నచ్చింది.

రాజమండ్రిలోనూ ఆయన ఊరుకోలేదు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరిలో మద్రాసులో పత్రికల సంపాదకుల ముందు చివరిసారి మాట్లాడారు. పత్రికలు వాడుక భాషలోకి వస్తున్నందుకు సంతోషించి, బడిపుస్తకాలు ఇంకా రానందుకు బాధపడ్డారు. చివరిదాకా ఆయన చూపు బడి మీదే ఉంది. ఆ నెల 22న కన్నుమూశారు. నేను ఈ వ్యాసం ఈ భాషలో రాసి, మార్కులు పోతాయన్న భయం లేకుండా ఇక్కడ అంటించగలుగుతున్నానంటే అది ఆయన పుణ్యమే. ఆ మాట కిందటేడు అన్నాను, ఈ ఏడూ అంటాను.

కొవ్వొత్తి మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

మనలో సగం మందిమి రేపు బి.ఎడ్. చేసి టీచర్లమే అవుతాం. ఉద్యోగానికి వెళ్ళినచోట ఎవరో ఒకరు మనకి గొప్పవాళ్ళ పేర్లు చెబుతారు. గిడుగువారి పేరు చెబితే నవ్వుతూ వినండి. విని, ఆయన తన బళ్ళ మేష్టర్లకి జీతాలిచ్చేవారండీ అని చెప్పండి. సొంత డబ్బు ఇవ్వడం, ఊరికే పనిచెయ్యడం ఎవరికి వాళ్ళు తమ మీద తాము పెట్టుకోగల నియమం. ఇంకొకరి మీద పెడితే దాన్ని త్యాగం అనకూడదు.

అమ్మ వాళ్ళ అర్జీ సంగతి అడుగుతారేమో. ఆగిన మూడు నెలల్లో రెండు నెలల జీతం వచ్చింది, ఒకటి రాలేదు. ఈ ఏడు వేసవి జీతం కూడా కలిపి మళ్ళీ అర్జీ రాశారు. ఏడుగురిలో ఇద్దరు భయపడి తప్పుకున్నారు, కొత్తగా నలుగురు కలిశారు. తెలుగులో చిత్తు రాసింది నేను, ఒడియాలోకి మార్చింది నాన్న. మొదటి సంతకం అమ్మది.

ఈసారి గిడుగువారి బొమ్మ కింద రాసే లైను నా వంతు వచ్చింది. పితామహుడు అన్న మాట అలాగే ఉంచి, దాని కింద చిన్నగా ఇంకో లైను కలిపాను: 1880లో ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి బడిలో చేరిన మేష్టారు. మేడమ్ చూశారు, తీసెయ్యమనలేదు.